అరచేయి దాచే సెల్యూట్

మా మావయ్య నేవీలో పనిచేసి రిటైరయ్యారు. విజయవాడ సత్యనారాయణపురంలోని మా అపార్ట్‌మెంట్‌లో ఆగస్టు 15న జెండా ఎగరేసినప్పుడు పాత టోపీ, పతకాలు పెట్టుకుని సెల్యూట్ చేస్తారు. ఈసారి కింది వాటా పిల్లాడు అడిగేశాడు. "తాతగారూ, మీ చెయ్యి అలా వంగిందేంటి? టీవీలో సైనికులు అలా చేయరుగా?" మావయ్య వాడి మోచేయి పట్టుకుని పైకి లేపారు. వేళ్లు కలిపించి, మునివేళ్లు కనుబొమ దగ్గర పెట్టి, అరచేతిని నేలవైపు తిప్పారు. "అరచెయ్యి ఎదుటివాళ్లకి కనపడకూడదురా. మా పద్ధతి ఇదీ."

ఆ పద్ధతి తెరచాప ఓడల నాటిది. తాళ్లు ఉప్పునీటికి కుళ్లకుండా తారు పూసేవారు. పొద్దస్తమానం వాటిని లాగే నావికుల అరచేతులు నల్లగా ఉండేవి. ఆ మురికి పై అధికారి కంట పడకూడదని చెయ్యి కిందికి వాల్చారని నేవీలో తరతరాలుగా చెప్పుకుంటారు. ఆర్మీవాళ్లు అరచేయి తెరిచి చూపిస్తారు, ఆయుధం లేదని దాని అర్థం అంటారు. వాయుసేన 2006లో, అరచేయి నేలకి 45 డిగ్రీల కోణంలో ఉండే సెల్యూట్‌కి మారింది.

ఫిరంగి వందనంలోనూ ఉన్నది ఆయుధం లేదన్న ఆ మాటే. పాతకాలం ఫిరంగిని ఒకసారి పేలిస్తే మళ్లీ మందు కూరడానికి చాలాసేపు పట్టేది. పరాయి రేవులోకి వచ్చే ఓడ ముందే గుండ్లన్నీ ఖాళీ చేసిందంటే, మీ మీద నమ్మకంతో వస్తున్నామని చెప్పినట్టు. ఇంత చక్కటి మర్యాదని బ్రిటిష్‌వాళ్లు హోదాల కొలబద్దగా మార్చారు. సంస్థానాధీశుల్లో హైదరాబాద్ నిజాం సహా అయిదుగురికే 21 గుండ్లు, మిగతావాళ్లకి అంతకన్నా తక్కువ. ఇప్పుడు గణతంత్ర దినాన పేలే 21 గుండ్లు జాతీయ జెండాకి దక్కే గౌరవం.

అధికారి ఓడ ఎక్కేటప్పుడు ఊదే బోసన్ పైప్ అనే విజిల్ కూడా పనిలోంచి వచ్చిందే. అలలు ఎక్కువగా ఉంటే అధికారిని కుర్చీలో కూర్చోబెట్టి తాడుతో పైకి లాగేవారు. ఎప్పుడు లాగాలో, ఎప్పుడు ఆపాలో ఆ విజిలే చెప్పేది. గాలి హోరులో మనిషి గొంతు వినపడదు కదా.

గొడవంతా నేవీ జెండా దగ్గర వచ్చింది. 1950 జనవరి 26న దాని మూలనున్న బ్రిటిష్ జెండా పోయి మన త్రివర్ణం వచ్చింది. ఎర్ర శిలువ మాత్రం ఉండిపోయింది. అది ఇంగ్లండ్ సెయింట్ జార్జ్ గుర్తు. 2001లో తీసేశారు. కానీ కొత్త జెండాలోని నీలి చిహ్నం ఆకాశంలో, సముద్రంలో కలిసిపోయి దూరానికి ఆనట్లేదని 2004లో శిలువని వెనక్కి తెచ్చారు. చివరికి 2022 సెప్టెంబరు 2న, కొచ్చిలో విమానవాహక నౌక విక్రాంత్ నేవీలో చేరిన వేడుకల్లో దాన్ని పూర్తిగా తొలగించారు. శివాజీ రాజముద్రని తలపించే ఎనిమిది పలకల చిహ్నం ఆ చోటికి వచ్చింది. మరుసటి ఏడాది అధికారులు చేతికర్ర పట్టుకునే అలవాటుకీ స్వస్తి పలికారు.

నా మటుకు ఇది సరైన వడపోతే. శిలువ, చేతికర్ర మరొకరి పెత్తనానికి గుర్తులు. విజిల్, వాలిన అరచేయి తాడు లాగిన చేతులవి. ఆ చేతులు ఏ దేశానివైనా ఒకటే. మావయ్యదీ ఇదే మాట.

ఓడల మీద జెండా ఎక్కే వేళ ఉదయం ఎనిమిది. ఆ టైమ్‌కి ఆయన బాల్కనీలో కాఫీ గ్లాసు పక్కన పెట్టి, కాసేపు నిటారుగా నిలబడతారు.