ద్విపదమా, పాయిజానా: విచ్ఛిన్న విభాజనాలపై అపోహలు, వాస్తవాలు

అపోహ: విచ్ఛిన్న చలరాశికి పూర్ణాంకాలే విలువలు.
వాస్తవం: విలువల్ని ఒకటీ రెండూ అంటూ వరసగా లెక్కపెట్టగలిగితే చాలు. బూట్ల సైజులు 7, 7.5, 8 కూడా విచ్ఛిన్నమే. విలువలకు అంతుండాలనీ లేదు, పాయిజాన్‌లో (ఒక వ్యవధిలో ఒక సంఘటన ఎన్నిసార్లు జరుగుతుందో చెప్పే విభాజనం) 0, 1, 2 అలా సాగుతూనే ఉంటాయి. ఏ విలువకు ఎంత సంభావ్యతో చెప్పేదే విభాజనం; అందులో ఏ సంభావ్యతా సున్నాకు తగ్గకూడదు, అన్నీ కలిపితే 1 రావాలి. అంతే.

అపోహ: దాదాపు ప్రతిసారీ సగటే వస్తుంది.
వాస్తవం: పాచిక సగటు 3.5. అలాంటి ముఖం పాచికకు లేనే లేదు! నాణెం 10 సార్లు ఎగరేస్తే బొమ్మల సగటు 5 అయినా, సరిగ్గా 5 బొమ్మలు పడే సంభావ్యత 252/1024, అంటే సుమారు 0.246 మాత్రమే.

అపోహ: ఫలితాలు రెండే అయితే ద్విపద సూత్రం (కొన్ని యత్నాల్లో ఎన్ని గెలుపులో లెక్కించేది) వాడేయొచ్చు.
వాస్తవం: పరీక్షల్లో ఎక్కువగా బోల్తా పడేది ఇక్కడే. యత్నాల సంఖ్య ముందే తెలియాలి, గెలుపు సంభావ్యత ప్రతిసారీ ఒకటే ఉండాలి, ఒక యత్నం ప్రభావం మరోదాని మీద పడకూడదు. 20 బల్బుల్లో 4 పాడైనవి. తీసినదాన్ని తిరిగి వేయకుండా 5 తీస్తే అన్నీ మంచివే వచ్చే సంభావ్యత ఎంత? ద్విపదం ప్రకారం 0.8 ఐదో ఘాతం, 0.328. అసలు జవాబు 16/20 × 15/19 × 14/18 × 13/17 × 12/16, అంటే 0.282. ఇది హైపర్‌జామెట్రిక్ లెక్క. అదే వేల బల్బుల్లోంచి 5 తీస్తే ఈ తేడా పట్టించుకోనక్కర్లేదు.

అపోహ: అరుదైన సంఘటనలన్నీ పాయిజానే.
వాస్తవం: అరుదుగా జరిగితే సరిపోదు, ఒకదానితో ఒకటి సంబంధం లేకుండా, నిలకడైన రేటుతో జరగాలి. 1898లో గణాంకవేత్త బోర్ట్‌కీవిచ్ ప్రచురించిన లెక్క దీనికి చక్కని ఉదాహరణ: ప్రష్యా సైన్యంలో గుర్రాల తన్నులకు చనిపోయినవాళ్లు. 10 దళాలు, 20 ఏళ్లు, మొత్తం 200 నమోదులు. ఒక్క మరణమూ లేనివి 109, ఒకటి ఉన్నవి 65, రెండు 22, మూడు 3, నాలుగు 1. సగటు 0.61, విస్తృతి (సగటు నుంచి విలువల దూరాల వర్గాల సగటు) కూడా దాదాపు 0.61. పాయిజాన్ అంచనాలు వరసగా 108.7, 66.3, 20.2, 4.1, 0.6.

సగటూ విస్తృతీ దగ్గరగా ఉన్నాయా అన్నది అందుకే ముందు చూడాలి. వార్డులవారీ డెంగీ కేసుల్లాంటివి గుంపుగా వస్తాయి కనుక విస్తృతి సగటును మించిపోతుంది. అక్కడ, విస్తృతి సగటును మించనిచ్చే రుణ ద్విపద విభాజనం నయం.

లామ్డా (పాయిజాన్‌లో, అడిగిన వ్యవధికి సగటు) విషయంలో ఇంకో పొరపాటు: గంటకు 6 ఫోన్లని ఇచ్చి 10 నిమిషాలకు అడిగితే లామ్డా 6 కాదు, 1.

అపోహ: ‘కనీసం 2’ సంభావ్యత కావాలంటే 0 నుంచి 2 దాకా ఉన్న సంభావ్యతల్ని 1 లోంచి తీసేయడమే.
వాస్తవం: తీసేయాల్సింది 0, 1 సంభావ్యతల్నే. గుర్రాల తన్నుల ఉదాహరణలో 1 − 0.5434 − 0.3314, అంటే సుమారు 0.125. రెండునూ తీసేస్తే 0.024కు పడిపోతుంది. ఎక్సెల్‌లో పాయిజాన్.డిస్ట్ వాడితే రెండో స్థానంలో 0.61, చివర ట్రూ (0 నుంచి ఆ విలువ దాకా కలిపి ఇమ్మని) పెట్టి, మొదటి స్థానంలో 2 కాకుండా 1 ఇచ్చి, వచ్చినదాన్ని 1 లోంచి తీసేయండి.