ఆగ్నేయ అరిజోనా: పిట్టల కోసం కారు ప్రయాణం

అమెరికాలో ఆగ్నేయ అరిజోనాకు పిట్టల కోసం వెళ్లేవాళ్లు రోడ్డు మ్యాపు కంటే ముందు ఎత్తుల మ్యాపు చూడాలి. టూసాన్ నగరం 2,400 అడుగుల ఎత్తున, సగువారో జెముళ్ల ఎడారిలో ఉంది. మౌంట్ లెమన్ మీది సమ్మర్‌హేవెన్‌కు కారులో గంటన్నర లోపే. అక్కడ ఎత్తు 8,000 అడుగులు దాటుతుంది, చుట్టూ పైన్ చెట్లు. కిలోమీటరు పైకి వెళ్తే సుమారు 6.5 డిగ్రీల వేడి తగ్గుతుంది. కింద 40 డిగ్రీలుంటే పైన 29 దాకా ఉంటుందన్నమాట. పిట్టలూ ఈ మెట్ల ప్రకారమే మారిపోతాయి.

చాలామంది చేసే పొరపాటు పొద్దున్నే కొండెక్కడం. ఎడారి పిట్టలు నోరు తెరిచి రొప్పుతూ ఒళ్లు చల్లబరచుకుంటాయి, దానికి నీరు ఖర్చు. అందుకే ఎండ ముదిరేసరికి కూత ఆపి నీడకు చేరతాయి. తెల్లవారగానే సగువారోల దగ్గర ఉంటే గిలా వడ్రంగిపిట్ట, కాక్టస్ రెన్ కనిపిస్తాయి. వడ్రంగిపిట్ట తొలిచిన తొర్ర లోపలి గోడ గట్టిపడటానికి నెలలు పడుతుంది. అది ఖాళీ చేశాక అదే తొర్రలోకి 40 గ్రాములుండే ఎల్ఫ్ గుడ్లగూబ దిగుతుంది. కొండదారి పట్టడం ఎనిమిది తర్వాత.

శాన్ పెడ్రో నదికి మాత్రం ఒక ఉదయం పూర్తిగా ఇవ్వాలి. మెక్సికోలో పుట్టి ఉత్తరానికి పారే ఈ నది జూన్‌లో చాలాచోట్ల ఎండిపోయి మడుగులుగా మిగులుతుంది. అయినా భూగర్భజలం పైపైనే ఉండటంతో కాటన్‌వుడ్, విల్లో చెట్లు పచ్చగా నిలుస్తాయి. ఎడారి మధ్య ఆ సన్నటి పచ్చచారే వలసపిట్టలకు దారి. సుమారు 64 కిలోమీటర్ల మేర నదీతీరాన్ని 1988లో రక్షిత ప్రాంతం చేశారు. సియెర్రా విస్టాకు తూర్పున, హైవే 90 పక్కనున్న శాన్ పెడ్రో హౌస్ దగ్గర కారు ఆపి ఒడ్డు వెంట నడవండి. గ్రే హాక్, నిప్పుకణికలాంటి వెర్మిలియన్ ఫ్లైక్యాచర్ ఇక్కడివే.

ఎలిగెంట్ ట్రోగన్ కావాలంటే మడేరా క్యాన్యన్, లేదా చిరికావా కొండల్లోని కేవ్ క్రీక్. మన పాపికొండల్లోని మలబార్ ట్రోగన్‌కు చుట్టమే. సికమోర్ చెట్ల తొర్రల్లో గూడు పెడుతుంది, బొంగురుగా అరుస్తుంది. కదలకుండా కూర్చుంటుంది కాబట్టి చెవితో వెతకాలి. ఫోన్‌లో దాని కూత వినిపించి పిలవకండి, గూడు వదిలేసి తిరుగుతుంది.

హమ్మింగ్‌బర్డ్‌లకు ఆగస్టే మేలు. వానలు పడి పూలు పూస్తాయి, దక్షిణానికి వలసపోయేవీ అప్పుడే దిగుతాయి. పటగోనియాలోని పేటన్ సెంటర్‌లో మిట్టమధ్యాహ్నం కూడా పంచదార నీళ్ల దగ్గర వయొలెట్ క్రౌన్డ్ రకం దొరుకుతుంది.

ఆ వానలతోనే ప్రమాదం కూడా. ఎక్కడో కొండమీద కురిస్తే ఇక్కడ పొడివాగు నిమిషాల్లో పొంగుతుంది. అడ్డు పెట్టి దారి మూసిన వాగులోకి కారు దింపి ఇరుక్కుంటే, కాపాడిన ఖర్చు మీ నుంచే వసూలు చేసే చట్టం అరిజోనాలో ఉంది. మనిషికి రోజుకు నాలుగు లీటర్ల నీళ్లు కారులో ఉండాలి. చిరికావా కొండల మీదుగా ఆనియన్ శాడిల్ కనుమ దాటే మట్టిరోడ్డును చలికాలంలో మూసేస్తారు, వానల తర్వాత చిన్న కార్లకు పనికిరాదు. అలాంటప్పుడు డగ్లస్ ఊళ్లో ట్యాంకు నింపుకుని చుట్టుదారిన, కేవ్ క్రీక్ దగ్గరి పోర్టల్ అనే ఊరు చేరడమే నయం.