చేతులు గులాబీ అయితే కేసు అయిపోయినట్టేనా? ట్రాప్ కేసులపై అపోహలు - వాస్తవాలు

విశాఖ ఏసీబీ (అవినీతి నిరోధక శాఖ) కోర్టులో ముద్దాయిల తరఫున వాదించే లాయర్‌ని నేను. పొడి రాసిన నోట్లు ఫిర్యాదుదారుతో ఇప్పించి, లంచం తీసుకుంటుండగా పట్టుకునేవే ట్రాప్ కేసులు. పొద్దున్నే పేపర్లో ‘ఏసీబీ వలలో ఫలానా అధికారి’ అని వస్తే చాలు, సాయంత్రానికి బీచ్ రోడ్డులో వాకింగ్ చేసేవాళ్లు తీర్పు కూడా చెప్పేస్తారు. వాళ్లు నాతో తరచూ అనే మాటలే ఇవి.

అపోహ: నీళ్లు గులాబీ రంగుకి మారితే శిక్ష ఖాయం.

వాస్తవం: ఆ చేతులు ఆ నోట్లను ముట్టుకున్నాయని, అంతవరకే ఆ రంగు చెప్తుంది. నోట్లకు ముందే ఫినాఫ్తలీన్ పొడి రాస్తారు. సోడియం కార్బొనేట్ కలిపిన నీళ్లలో వేళ్లు ముంచగానే రంగు వస్తుంది. ఎందుకు ముట్టుకున్నాడో సీసాలో నీళ్లు చెప్పవు. అప్పు తీర్చాడని ఒకరంటారు, జేబులో కుక్కేసి వెళ్లిపోయాడని ఇంకొకరు. నా దగ్గరకొచ్చేవాళ్లు చెప్పే కథలు ఎక్కువగా ఈ రెండే. అన్నీ నిజమని నేనూ నమ్మను. అందుకే ఫిర్యాదుదారుని లోపలికి పంపేముందు మధ్యవర్తుల (ట్రాప్‌కి సాక్షులుగా ఉండేవాళ్ల) ఎదుట ఏసీబీ వాళ్లు రెండు మాటలు గట్టిగా చెప్తారు: అధికారి చెయ్యి చాపినా షేక్‌హ్యాండ్ ఇవ్వొద్దు, ఆయన అడక్కుండా డబ్బు తీయొద్దు. ఆ రెండో మాటలోనే కేసంతా ఉంది.

ఉమ్మడి రాష్ట్రం నుంచి సుప్రీంకోర్టుకి వెళ్లిన బి. జయరాజ్ కేసు చూడండి. రేషన్ డీలర్ దగ్గర లంచం తీసుకున్నాడని ఒక ఎమ్మార్వో మీద కేసు. డబ్బు దొరికింది. కానీ డీలర్ కోర్టుకొచ్చి తన ఫిర్యాదుకే అడ్డం తిరిగాడు. అడిగినట్టు రుజువు కానప్పుడు డబ్బు దొరకడం ఒక్కటే చాలదని 2014లో సుప్రీంకోర్టు ఆ అధికారిని నిర్దోషిగా వదిలేసింది. ఇక ఫిర్యాదుదారుని తమవైపు తిప్పుకుంటే చాలనుకునేవాళ్లకి 2022 డిసెంబరులో నీరజ్ దత్తా కేసు తీర్పు అడ్డం పడింది. ఫిర్యాదుదారు చనిపోయినా, హోస్టైల్ అయినా (కోర్టులో అడ్డం తిరిగినా) మిగతా సాక్ష్యాలతో, పరిస్థితులను బట్టి డిమాండ్‌ను, అంటే లంచం అడిగిన సంగతిని, రుజువు చేయొచ్చని ఐదుగురు జడ్జీల ధర్మాసనం చెప్పింది. అప్పట్నుంచి నేను క్రాస్ ఎగ్జామినేషన్‌లో ఎక్కువ సమయం పెట్టేది ఫిర్యాదుదారు మీద కాదు, అతని వెంట వెళ్లి మాటలు విన్న సాక్షి మీద.

అపోహ: పోలీసులే ఎర వేసి పట్టుకుంటే ఆ కేసు నిలబడదు.

వాస్తవం: ఇది అమెరికా నుంచి వచ్చిన ఆలోచన. అక్కడ ప్రభుత్వమే నేరానికి పురిగొల్పిందని తేలితే ముద్దాయి బయటపడొచ్చు. మన దగ్గర ‘ఇరికించారు’ అన్న ఒక్క మాటకి కేసు కొట్టేయరు. అలాగని పోలీసులకు పట్టపగ్గాలు లేవనీ కాదు. మనిషి తట్టుకోలేనంత ఆశ చూపించి నేరంలోకి దింపకూడదని 1956లోనే రామ్‌జనమ్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. అడిగినవాడికి, అడిగిన మొత్తం ఇస్తూ పట్టుకోవడం వేరు. అడగనివాడి చుట్టూ నాలుగుసార్లు తిరిగి, బతిమాలి, చేతిలో పెట్టి పట్టుకోవడం వేరు. రెండోది శిక్ష పడినా తప్పే అంటాను. అందుకే కాల్ రికార్డులు తెప్పించి ముందుగా చూసేది ఒకటే: మొదట ఫోన్ చేసింది ఎవరు?

అపోహ: ఇచ్చినవాడూ దోషే కాబట్టి ఫిర్యాదు చేస్తే మనమే ఇరుక్కుంటాం.

వాస్తవం: అవినీతి నిరోధక చట్టానికి 2018లో చేసిన సవరణ తర్వాత లంచం ఇవ్వడమూ నేరమే, నిజం. కానీ బలవంతం మీద ఇచ్చినవాళ్లు 7 రోజుల్లోగా పోలీసులకో ఏసీబీకో చెప్తే నేరం కాదు. ముందే ఏసీబీకి చెప్పి, పట్టించడానికి ఇచ్చినా కాదు. నంబరు 1064.

అపోహ: అధికారిని పట్టుకోవాలంటే ముందు ప్రభుత్వ అనుమతి కావాలి.

వాస్తవం: తీసుకుంటూ అక్కడికక్కడే దొరికిపోయే ట్రాప్‌కి అక్కర్లేదు. తర్వాత కోర్టులో విచారణకు కావాల్సిన అనుమతి మాత్రం వేరే సంగతి.

అపోహ: ఫోన్ కెమెరా ఉంటే చాలు, స్టింగ్ (రహస్యంగా వీడియో తీసి పట్టించడం) ఎవరైనా చేయొచ్చు.

వాస్తవం: దయచేసి చేయకండి. 2003లో ఒక కేంద్ర మంత్రి డబ్బు తీసుకుంటున్న వీడియో బయటికొచ్చింది. దాన్ని తీయించినవాళ్ల మీద, అందులో పాలుపంచుకున్న విలేకరి మీద కూడా సీబీఐ కేసు పెట్టింది. మేం బయటపెట్టడానికే చేశాం అన్నారు. అది విచారణలో తేలాల్సిందేనని 2014లో రజత్ ప్రసాద్ కేసులో సుప్రీంకోర్టు కేసు కొట్టేయలేదు. ఇంకా ఘోరం 2007లో ఢిల్లీలో జరిగింది. ఒక టీచరమ్మ మీద టీవీలో తప్పుడు స్టింగ్ వేశారు. జనం ఆమె మీద పడి కొట్టారు, ఉద్యోగమూ పోయింది. అదంతా అబద్ధమని తర్వాత తేలింది. మరొక చిక్కు: వీడియోని వాట్సాప్‌లో పంపించి, ఒరిజినల్ డిలీట్ చేసుకుని వస్తారు. భారతీయ సాక్ష్య అధినియం 63వ సెక్షన్ సర్టిఫికెట్ లేకుండా కోర్టు ఆ కాపీని చూడదు.

అపోహ: గంజాయి కేసులో పోలీసు కొనేవాడి వేషంలో వస్తే కేసు చెల్లదు.

వాస్తవం: వేషం వల్ల కేసు పోదు. సోదాలో లోపం చూపించీ అంత తేలిగ్గా బయటపడలేరు. మా జూనియర్లు కూడా మాదకద్రవ్యాల చట్టం (ఎన్డీపీఎస్) 50వ సెక్షన్ అనగానే ఎగిరి గంతేస్తారు, గెజిటెడ్ అధికారి ఎదుట సోదా చేయలేదని. ఆ హక్కు ఒంటి మీద సోదాకి. ఏజెన్సీ నుంచి దిగి విశాఖ స్టేషన్‌లో పట్టుబడే సరుకు దాదాపు ఎప్పుడూ బ్యాగులోనే ఉంటుంది. బ్యాగుకి అది వర్తించదని 2005లోనే పవన్ కుమార్ కేసులో తేలిపోయింది.