బంటు ఇచ్చి కొన్న సెకన్లు

కంప్యూటర్ తప్పని తేల్చిన గాంబిట్ (ఆట మొదట్లోనే బంటునో పావునో బలిచ్చి దాడికి దారి తీసుకునే ఎత్తుగడ) మూడు నిమిషాల చదరంగంలో పదేపదే ఎలా గెలిపిస్తుందని ఒక పాఠకుడు అడిగారు. జవాబు బల్ల మీద కంటే గడియారంలోనే ఎక్కువగా ఉంది. గాంబిట్‌కు మూలమైన ఇటాలియన్ మాటకు కాలు అడ్డుపెట్టి పడేయడమనే అర్థం ఉంది.

స్టాఫర్డ్ గాంబిట్‌ను చూడండి. నాలుగు ఎత్తులలో ఇరుపక్షాలకూ ఒక్కో గుర్రం పోతుంది. అదనంగా నల్లవారికి ఒక బంటు తక్కువవుతుంది. ప్రతిఫలంగా వారి మంత్రికీ రెండు శకటులకూ (ఒంటెలనేవారూ ఉన్నారు) దారులు తెరుచుకుంటాయి. తెల్లవారు డీ3కి (అక్షరం నిలువు వరుసకు, అంకె అడ్డు వరుసకు గుర్తు) బంటు జరుపుతారు, నల్ల శకటు సీ5కి వచ్చి ఎఫ్2 గడిని గురిచూస్తుంది. ఇప్పుడు తెల్ల శకటును జీ5కి తెచ్చి, నల్ల గుర్రం కదిలితే వెనకనున్న మంత్రి పోయేలా కట్టిపడేయడం ఎవరి చేతికైనా సహజంగా తోచే ఎత్తు. అదే పొరపాటు. నల్ల గుర్రం, మంత్రిని గాలికి వదిలేసి, ఈ4 బంటును తింటుంది. తెల్లవారు ఆశపడి మంత్రిని తింటే, ఎఫ్2లో శకటు చెక్ చెబుతుంది, రాజు ఈ2కి తప్ప మరెక్కడికీ పోలేడు, రెండో శకటు జీ4కి రాగానే ఆట కట్టు. పోనీ బంటుతో గుర్రాన్ని తింటే, ఆ బంటు పక్కకు తప్పుకున్నందువల్లే ఇద్దరు మంత్రుల మధ్య నిలువు వరుస ఖాళీ అవుతుంది. మళ్లీ అదే చెక్, ఈసారి తెల్ల మంత్రి పోతాడు. రెండింటినీ వదులుకుని శకటును ఈ3కి వెనక్కి తెచ్చుకోవడమే దారి, కానీ ఎదురుగా మంత్రి ఊరికే దొరుకుతుంటే చెయ్యి వెనక్కి పోదు.

ప్రపంచ బ్లిట్జ్ (మెరుపు వేగపు చదరంగం) పోటీలలో ఆటగాడికి 3 నిమిషాలు, ఎత్తుకు 2 సెకన్ల చొప్పున అదనం ఇస్తారు. ఈ వలను పసిగట్టడానికి 25 సెకన్లు పట్టిందనుకుంటే 180 సెకన్లలో ఏడో వంతు కరిగిపోయినట్టే; 90 నిమిషాల ఆటలో అది 216వ వంతు మాత్రమే. వల పన్నినవాడు కంఠస్థం చేసిన ఎత్తులు వేస్తున్నాడు కనుక అతని గడియారం దాదాపు కదలదు.

అన్ని గాంబిట్లూ ఇంత బలహీనమైనవి కావు. 1995లో లాత్వియాలోని రీగాలో ప్రపంచ ఛాంపియన్ కాస్పరోవ్ ఈవాన్స్ గాంబిట్‌తో ఆనంద్‌ను 25 ఎత్తులలో ఓడించారు, అదీ తీరిగ్గా ఆలోచించే ఆటలో. స్టాఫర్డ్‌కు ఆ బలం లేదు, అందుకే పిల్లలకు తొలి పాఠంగా దాన్ని నేర్పడం నాకు నచ్చదు. జీ5కి బదులు ఈ2లో శకటును నిలిపే ప్రత్యర్థి ఎదురైతే, పోయిన బంటుకు నల్లవారి చేతిలో మిగిలేది గడియారం ఒక్కటే.