“ఉద్యోగం మానేసి వచ్చేశాను, చేర్చుకోండి”: టిబెటన్ మఠం కాలేజీల గురించి అపోహలు - వాస్తవాలు

మైసూరు దాటాక వచ్చే బైలకుప్పెలో టిబెటన్ భిక్షువులకు ఇంగ్లీషు చెబుతుంటాను. ఖెన్పో గారిని, అంటే మఠాధిపతిని, కలవాలని తెలుగువాళ్లెవరైనా వస్తే మాట సాయానికి నన్నే పిలుస్తారు. వచ్చినవాళ్లు తప్పకుండా అనే మాట ఒకటుంది: “ఇక్కడ ధ్యానం తప్ప ఏ టెన్షనూ ఉండదు కదండీ.” అది నమ్మి కొందరు ఉద్యోగాలకు రాజీనామా చేసి మరీ వస్తున్నారు.

ఇక్కడి మఠం ధ్యాన కేంద్రం కాదండీ, కాలేజీ. ప్రమాణం (తర్కశాస్త్రం), ప్రజ్ఞాపారమిత (పరిపూర్ణ ప్రజ్ఞ), మాధ్యమికం (శూన్యతా దర్శనం), వినయం (భిక్షువుల నియమాలు), అభిధర్మం (మనసు, ప్రపంచాల విశ్లేషణ) చదివి, ఇక్కడి అతి పెద్ద పట్టా అయిన గెషే లారంపా కావడానికి దాదాపు 20 ఏళ్లు, కొందరికి ఇంకా ఎక్కువే పడుతుంది. తెల్లవారకముందే కంఠస్థం మొదలు. సాయంత్రం తర్కం. నిలబడినవాడు చెయ్యి చరిచి ప్రశ్న విసురుతాడు, కూర్చున్నవాడు జవాబు చెప్పాలి. తడబడితే చుట్టూ ఉన్నవాళ్లు ఒక్కసారిగా అరుస్తారు. చలికాలంలో నా విద్యార్థి ఒకడికి ఎడమ అరచెయ్యి చీలి నెత్తురు కనిపించింది. వ్యాజలైన్ రాసుకుని మళ్లీ తర్కానికే వెళ్లాడు.

ఖెన్పో అయ్యాక విశ్రాంతి అనుకుంటారు. ఆయన పాఠాలు మానరు. పైగా జ్వరం వచ్చిన పిల్లలు, కారే పైకప్పు, కుర్ర భిక్షువుల తగాదాలు, అన్నీ ఆయన గుమ్మంలోకే వస్తాయి. ఒకసారి ఆయన పెచా (విడి ఆకుల టిబెటన్ గ్రంథం) విప్పితే, ఆకుల మధ్య గుర్తుగా పెట్టుకున్న కాగితం కనిపించింది. గ్యాస్ సిలిండర్ల బిల్లు అది.

రెండేళ్ల కిందట హైదరాబాద్ నుంచి ఒక అబ్బాయి బ్యాగుతో దిగాడు. నిద్ర లేక కళ్లు గుంటలు పడ్డాయి. చేర్చుకోమన్నాడు. ఖెన్పో గారు ఏం చదివావని అడగలేదు. “అమ్మానాన్నలకు చెప్పావా? అప్పులున్నాయా?” అన్నారు. అది మర్యాదకు అడిగే ప్రశ్న కాదు, వినయ నియమం. కొడుకు రాహులుడికి ప్రవ్రజ్య (సన్యాస దీక్ష) ఇచ్చాక తండ్రి శుద్ధోదనుడు బాధపడి కోరితే, తల్లిదండ్రుల అనుమతి లేకుండా ఎవరికీ ఇవ్వకూడదని బుద్ధుడే కట్టడి చేశాడు. అప్పున్నవాడికీ ప్రవేశం లేదు. ఈ అబ్బాయికి పర్సనల్ లోను ఉంది, ఇంట్లో చెప్పలేదు. నా ఫోన్ నుంచే వాళ్లమ్మకు కలిపాను. ఆవిడ తిట్టలేదు. “తిన్నావా నాన్నా?” అంది. వాడు అక్కడే కూర్చుని ఏడ్చేశాడు.

అలసిపోయి వచ్చేవాళ్లంటే నాకు కోపం లేదు. “వెళ్లిపో, అన్నీ వదిలేయ్” అని వీడియోల్లో ఊదరగొట్టేవాళ్లంటేనే కోపం. అప్పు తీరేది వాళ్ల జేబులోంచి కాదు కదా. ఆసక్తి ఉంటే ఉద్యోగం ఉంచుకునే టిబెటన్ అక్షరాలు నేర్చుకోండి, సెలవు పెట్టి నాలుగు రోజులు వచ్చి చూడండి. విదేశీ పాస్‌పోర్టు ఉంటే బసకు ముందే అనుమతి తీసుకోవాలి.

మిగతావి గబగబా చెప్పేస్తాను. టిబెటన్ బౌద్ధంలో ఒకటైన గెలుగ్ శాఖకు అధిపతి దలైలామా అంటారు, తప్పు. ఆ పీఠం “గాండెన్ త్రిపా” అనే పదవిలో ఉన్నవారిది. పునర్జన్మ గుర్తింపుతో రాదు, చదువుతో మెట్టుమెట్టుగా ఎక్కి రావాలి, ఏడేళ్లే పదవి. ఖెన్పో చేత్తో తాకితే జబ్బు పోతుందంటారు. రోగిని తెస్తే ఆయన మొదట అడిగేది ఆసుపత్రి కాగితాలు. ఆడవాళ్లకు ఈ చదువు లేదంటారు. 2016లో 20 మంది భిక్షుణులు గెషెమాలు (గెషే పట్టా పొందిన భిక్షుణులు) అయ్యారు. ఇక మనకేం సంబంధం అనేవాళ్లకు: ఇక్కడ మాధ్యమికమంటే మన నాగార్జునుడి మాటే. 2006లో దలైలామా కాలచక్ర దీక్ష ఇచ్చింది కూడా మన అమరావతిలోనే కదా.

ఆ అబ్బాయి మళ్లీ ఉద్యోగంలో చేరాడు. లోను ఇంకా 14 నెలలుందట. మొన్న ఫోన్ చేసి టిబెటన్ అక్షరాలు 30 వరసగా అప్పజెప్పాడు. పక్కనుంచి వాళ్లమ్మ కూడా అందుకుంది. “ఙ” ఆవిడకే బాగా పలికింది.