షానిదార్ గుహలో ఆ పూలు ఎవరు పెట్టారు?

2024 మే నెలలో కేంబ్రిడ్జ్ విశ్వవిద్యాలయం ఒక నియాండర్తల్ (అంతరించిపోయిన ఆదిమ మానవ జాతి) మహిళ ముఖాన్ని ప్రపంచానికి చూపించింది. సుమారు 75,000 ఏళ్ల కిందట, నలభైల వయసులో చనిపోయిన మనిషి. పరిశోధకులు ఆమెను ‘షానిదార్ జెడ్’ అంటున్నారు. ఆమె దొరికిన గుహ పేరు వినగానే చాలామందికి గుర్తొచ్చేది పూల సమాధి: నియాండర్తల్‌లు తమవాళ్ళను పూలు పరిచి సాగనంపారన్న కథ. అది ఎలా పుట్టిందో, ఎందుకు నిలబడలేదో తెలిస్తే తప్ప కొత్తగా దొరికిన ఎముకల విలువ తెలియదు.

షానిదార్ గుహ ఉత్తర ఇరాక్‌లో, కుర్దుల ప్రాంతంలో, జాగ్రోస్ కొండల్లో ఉంది. కొలంబియా విశ్వవిద్యాలయానికి చెందిన రాల్ఫ్ సొలెకీ 1951లో అక్కడ తవ్వకం మొదలుపెట్టేనాటికి కుర్దు పశువుల కాపరుల కుటుంబాలు చలికాలంలో ఆ గుహలోనే కాపురం ఉండేవి. 1960 వరకు విడతల వారీగా తవ్వుతూ సొలెకీ దాదాపు 14 మీటర్ల లోతుకు వెళ్ళారు. పెద్దలు, పిల్లలు కలిపి మొత్తం పదిమంది నియాండర్తల్‌ల అవశేషాలు బయటపడ్డాయి. పదో మనిషి ఎముకలను వాషింగ్టన్‌లోని స్మిత్సోనియన్ మ్యూజియంలో చాలా ఏళ్ల తర్వాత గుర్తుపట్టారు.

అప్పటికి నియాండర్తల్‌ అంటే మొరటు మృగం అన్న అభిప్రాయమే గట్టిగా ఉంది. ఫ్రాన్స్‌లోని లా షపెల్‌లో 1908లో దొరికిన అస్థిపంజరాన్ని చూసి ఫ్రెంచ్ పరిశోధకుడు మార్సెలిన్ బూల్ గీసిన వంగిపోయిన బొమ్మ అర్ధ శతాబ్దం పాటు జనం మనసులో ఉండిపోయింది. షానిదార్ ఆ బొమ్మను చెరిపేసింది. అందుకు నిజంగా కారణం కావాల్సింది మొదటి అస్థిపంజరం. ఆ మగమనిషి ఎడమ కంటి పక్క ఎముక ఎప్పుడో నలిగింది, బహుశా ఆ కన్ను కనిపించేది కాదు. కుడి చెయ్యి మోచేతి దగ్గరే ఆగిపోయింది. కాలు కుంటి. రెండు చెవుల్లోనూ ఎముక పెరిగి దారి మూసుకుపోయింది కాబట్టి వినికిడి కూడా అంతంతమాత్రమే అయ్యుండాలి. అయినా నలభై దాటి బతికాడు, ఆ గాయాలు చావుకు చాలా ముందే మానాయి. వేటాడి తినే గుంపులో ఇలాంటి మనిషి ఒంటరిగా అన్నేళ్లు బతకడం కష్టం, ఎవరో ఒకరు చూసుకుని ఉండాలి. నా దృష్టిలో షానిదార్ ఇచ్చిన అతి పెద్ద సాక్ష్యం ఇదే.

కానీ పేరు తెచ్చింది మాత్రం 1960లో దొరికిన నాలుగో అస్థిపంజరం. దాన్ని చుట్టూ ఉన్న మట్టితో సహా దిమ్మెలా తీసి, ప్లాస్టర్ పూసి, టాక్సీ పైన కట్టి బాగ్దాద్ చేర్చారు. తర్వాత విప్పి చూస్తే అందులో ఒక్కరు కాదు, మరికొందరి ఎముకలూ ఉన్నాయి. ఆ మనిషి చుట్టూ తీసిన మట్టి నమూనాలను పారిస్‌లో ఆర్లెట్ లెరోయ్-గూరాన్ పరిశీలిస్తే కొన్నిటిలో పుప్పొడి ముద్దలు ముద్దలుగా కనిపించింది. గాలికి కొట్టుకొచ్చే పుప్పొడి విడివిడిగా ఉంటుంది, ముద్దగా ఉందంటే పువ్వులకు పువ్వులే లోపలికి వచ్చి ఉండాలి. దాంతో సొలెకీ పూల సమాధి అన్న నిర్ణయానికి వచ్చారు. 1960ల చివర అమెరికాలో పూలే శాంతికి గుర్తుగా ఊరేగుతున్న రోజులవి. కథ జనంలోకి ఇట్టే వెళ్ళింది.

1999లో జెఫ్రీ సోమర్ అనే పరిశోధకుడు ఎలుకల మాట ఎత్తారు. పర్షియన్ జర్డ్ అనే ఎలుక పూలను బొరియల్లోకి లాక్కెళ్ళి దాస్తుంది, షానిదార్‌లో బొరియలకు కొదవ లేదు. 2023లో క్రిస్ హంట్ బృందం మరో సంగతి పట్టుకుంది: ఒకే ముద్దలో వేర్వేరు మొక్కల పుప్పొడి కలిసి ఉంది, పైగా ఆ మొక్కలన్నీ ఒకే రుతువులో పూసేవి కావు. ఒకేసారి కోసి తెచ్చిన పూలైతే అలా ఉండదు. నేలలో గూడు కట్టుకునే తేనెటీగలు రకరకాల పూల పుప్పొడిని పోగుచేస్తాయి, వాటి పాత గూళ్ళు ఆ గుహలోనే ఉన్నాయి.

ఈ తప్పు తేలడానికి అంతకాలం పట్టడానికి రాజకీయం కూడా కారణం. 1961లో కుర్దుల తిరుగుబాటు మొదలయ్యాక సొలెకీ మళ్ళీ అక్కడ తవ్వలేకపోయారు. 2011లో కుర్దిస్తాన్ ప్రాంతీయ ప్రభుత్వం పిలిస్తే కేంబ్రిడ్జ్ పురావస్తు పరిశోధకుడు గ్రేమ్ బార్కర్ ముందుకొచ్చారు. 2014లో పని మొదలుపెట్టగానే ఐసిస్ ఉగ్రవాదులు దగ్గరికి రావడంతో ఆపేసి, 2015లో మళ్ళీ చేపట్టారు. నిజానికి ఆ బృందం కొత్త ఎముకల కోసం వెళ్ళలేదు. సొలెకీ తవ్విన పాత కందకం గోడల్లోని పొరలకు సరైన కాలం తేల్చడమే వాళ్ళ పని. 2016లో ఆ గోడలో, నాలుగో అస్థిపంజరం దొరికిన చోటుకు పక్కనే ఒక పక్కటెముక కనిపించింది. అది జెడ్‌ది. పుర్రె, పై శరీరం ఎముకలు 2018-19లో బయటపడ్డాయి. తల కింద ఎడమచెయ్యి మడిచి ఉంది, పుర్రె రెండు సెంటీమీటర్ల మందానికి అణిగిపోయి ఉంది. ఎముకలు టీలో ముంచిన బిస్కెట్‌లా ఉన్నాయని బృందంలోని ఎమ్మా పొమెరాయ్ వర్ణించారు. ఉన్నచోటే జిగురు పట్టించి, చిన్న దిమ్మెలుగా ఫాయిల్‌లో చుట్టి తీశారు. 200కు పైగా ముక్కలు కలిపితే పుర్రె తయారైంది. సొలెకీ 2019 మార్చిలో, 101 ఏళ్ల వయసులో కన్నుమూశారు. జెడ్ వివరాలు 2020లో అచ్చయ్యాయి.

పూలు పోయినా సమాధి మిగిలింది. జెడ్ శరీరం కింద నీళ్ళు కోసిన గుంతను ఎవరో ఇంకా లోతుగా తవ్వినట్టు మట్టి పొరలు చెబుతున్నాయి. పక్కనే ఎత్తైన బండ ఉంది, ఆనవాలుగా పనికొచ్చేంతది. అదే గుహలో మాడిన తిండి ముక్కలూ దొరికాయి. అడవి పప్పుగింజలను నానబెట్టి, దంచి వండినట్టు 2022లో వచ్చిన అధ్యయనం తేల్చింది. చేదు పోగొట్టడానికే నానబెట్టి ఉంటారు. పూల కన్నా ఈ పప్పు ముక్కలే ఆ మనుషులను నాకు దగ్గర చేశాయి.

ఇక తేలాల్సింది ఒకటుంది. ఆ బండ పక్కన గుమిగూడి ఉన్న ఈ కొద్దిమంది కొన్నేళ్ల తేడాతోనే చనిపోయారా, లేక తరాల పాటు అదే చోటుకు తమవాళ్ళను తెస్తూ వచ్చారా? మట్టిని పలుచటి పలకలుగా కోసి మైక్రోస్కోప్ కింద చదవడం మీదే ఆ జవాబు ఆధారపడి ఉంది.