పిండాకూడు అని పేరు పెడితే తప్పేంది?

మా అక్క కొడుకు కావలిలో బీటెక్. వాడూ ఇంకో ముగ్గురూ కలిసి బ్యాండ్ పెట్టారు, రెండు గిటార్లు, ఒక డ్రమ్ము, పాడేవాడు ఒకడు. పేరేందిరా అంటే పిండాకూడు. కాలేజీ ఫెస్ట్‌కి ఇస్తే ఆ పేరు ఫ్లెక్సీ మీద వెయ్యం, మార్చుకోండి అన్నారంట. సరేలే అని పీకే బ్యాండ్ అని రాసిచ్చి స్టేజీ ఎక్కితే జనం పవన్ కల్యాణ్ ఫ్యాన్స్ అనుకోని ఒకటే ఈలలు, మొదటి పాటకే ఎర్ర టవళ్లు తిప్పారంట. సెటైర్ చేద్దామని పెట్టుకున్న పేరు అట్టా తేలింది.

ఇంటికొచ్చి చెప్తే మా అవ్వ నోరు నొక్కుకుంది. "పిండాకూడేందిరా పాడు నోరు, ఇంకేం పేర్లే దొరకలేదా మీకు" అని. నాకు నవ్వొచ్చింది, ఎందుకంటే మా అవ్వ సొంత అన్న పేరు పెంటయ్య. ఆయనకి ముందు ఇద్దరు పిల్లలు పురిట్లోనే పోతే, ఈయన పుట్టంగానే చేటలో పెట్టి పెంటదిబ్బ మీద పడుకోబెట్టి, ఎవరో పారేస్తే తెచ్చుకున్నట్టు మళ్లీ ఇంట్లోకి తెచ్చుకున్నారంట. పుల్లయ్యలూ అంతే, ఎంగిలి విస్తరాకుల మీద దొర్లించిన పిల్లలు. (పెంచలయ్య వేరు, అది పెంచలకోన నరసింహస్వామి పేరు, రెండూ కలపబాకండి.) పేరు వింటేనే యముడు ఛీ అని పోవాలి. చెడ్డ పేరుని కావాలని తగిలించుకోడం ఇంగ్లీషోడు మనకి నేర్పిన విద్య ఏం కాదు. కాకపోతే ఇక్కడ మోసపోవాల్సింది యముడొక్కడే, ఊరందరికీ అసలు సంగతి తెలుసు. ఈ తేడా గుర్తుపెట్టుకోండి, ముందు పనికొస్తుంది.

రాసేవాళ్ల విషయానికొస్తే నెల్లూరులోనే మొదలుపెట్టొచ్చు. పఠాభి, అంటే తిక్కవరపు పట్టాభిరామిరెడ్డి, 1919లో నెల్లూరులో పుట్టినాయన. 1939లో ఫిడేలు రాగాల డజన్ అని పుస్తకం వేశాడు. ఆ పేరే ఒక కొంటెతనం, కవిత్వాన్ని అరటిపళ్ల మాదిరి డజను లెక్కన అమ్మడం. నేను భావకవిని కాదు అహంభావ కవిని అన్నాడు, వచన పద్యాల దుడ్డుకర్రలతో పద్యాల నడుములు విరగదంతానన్నాడు, చిన్నయసూరి బాలవ్యాకరణాన్ని కూడా వదల్లేదు. పంచాంగాన్ని పన్‌చాంగం చేసింది కూడా ఈయనే. చదివేవాళ్లు బాలవ్యాకరణం బట్టీపట్టినోళ్లు కాబట్టి దెబ్బ ఎక్కడ తగలాలో అక్కడే తగిలింది. ఇదే మనిషి 1970లో కన్నడంలో సంస్కార సినిమా తీశాడు, అగ్రహారంలో ఒక బ్రాహ్మడు చస్తే ఆ శవానికి ఎవరు కర్మ చెయ్యాలి అన్న కథ. మద్రాసు సెన్సార్ వాళ్లు ఆపేశారు, తర్వాత విడుదలై జాతీయ స్థాయిలో ఉత్తమ చిత్రం అయింది. పిండాకూడు గోల అప్పుడే ఉందన్నమాట.

ఇంక దిగంబర కవులు. 1965, 66, 68 మూడు సంపుటాలు. అసలు పేర్లు పారేసి నగ్నముని, నిఖిలేశ్వర్, జ్వాలాముఖి, చెరబండరాజు, భైరవయ్య, మహాస్వప్న అని పెట్టుకున్నారు. ఆరుగురిలో మహాస్వప్న మనోడే, లింగసముద్రం, అసలు పేరు కమ్మిశెట్టి వెంకటేశ్వరరావు. (ఆ లింగసముద్రం కూడా తమాషా ఊరు, ముందు నెల్లూరు జిల్లా, 1970లో ఒంగోలు జిల్లా ఏర్పడితే అందులోకి పోయింది, 2022లో మళ్లీ నెల్లూరులో కలిపారు.) వీళ్లు సంవత్సరాలకి, రుతువులకి, వారాలకి కూడా సొంత పేర్లు పెట్టారు. కవితలని దిక్‌లు అన్నారు. మొదటి సంపుటి హైదరాబాదులో అర్ధరాత్రి పూట, రిక్షా తొక్కే పాండు చేత, రెండోది విజయవాడలో హోటల్ పనివాడి చేత, మూడోది విశాఖలో బిచ్చమెత్తుకునే ఆవిడ చేత విడుదల చేయించారు. బూతులు రాశారని జనం ఇప్పటికీ బూతుల గురించే చెప్తారు గానీ నాకైతే ఆ రిక్షా సంగతే గట్టి దెబ్బ అనిపిస్తుంది, మామూలుగా మంత్రినో పండితుణ్ణో పిలిచే చోట రిక్షా ఆయన నిలబడితే ఆ సభ మొత్తం ఏందో అర్థమైపోతుంది, బూతు అక్కర్లా. 1970లో విరసం (విప్లవ రచయితల సంఘం) వచ్చాక దిగంబరుల్లో కొందరు అటు పోయారు, మహాస్వప్న పోలా. ఆయన 2019లో చనిపోయారు.

ఇప్పుడు మా వాడు ఊగిపోయే సంగీతం సంగతి. 1976లో లండన్లో పంక్ అనే గోల రాక్ సంగీతం కుర్రాళ్లు, సిడ్ విషస్, సూజీ సూ లాంటోళ్లు, నాజీ స్వస్తిక్ వేసుకోని తిరిగారు. వాళ్లు నాజీలేం కాదు, పొద్దస్తమానం యుద్ధం కబుర్లు చెప్పే పెద్దోళ్లకి ఒళ్లు మండాలని. మాంచెస్టర్ కుర్రాళ్లు జాయ్ డివిజన్ అని పెట్టుకున్నారు, నాజీ క్యాంపుల్లో ఆడవాళ్లని వ్యభిచారానికి వాడుకున్న చోటుకి ఒక నవల్లో ఉన్న పేరది. గాయకుడు ఇయాన్ కర్టిస్ 1980లో చనిపోయాక మిగతావాళ్లు న్యూ ఆర్డర్ అయ్యారు, దానిమీదా మళ్లీ నాజీ పేరేనన్న అనుమానం. అయితే అదే లండన్లో అప్పుడు నేషనల్ ఫ్రంట్ అనే జాత్యహంకార పార్టీ వీధుల్లో ఊరేగతా ఉంది. నిజంగా ఆ గుర్తుని నమ్మినోళ్లు కూడా కచేరీలకి రావడం మొదలెట్టారు, వాళ్లకి వెటకారం తలకెక్కలేదు, గుర్తొక్కటే కనపడింది. చివరికి 1981లో డెడ్ కెనెడీస్ అనే అమెరికా బ్యాండ్, వాళ్ల పేరే అంత ఎగతాళి పేరు, నాజీ పంకులారా దొబ్బెయ్యండి అని పాటే కట్టాల్సొచ్చింది.

అప్పట్లో యుగోస్లావియాలో ఉన్న స్లొవేనియాలో లైబాఖ్ అని ఇంకో బ్యాండ్, 1980లో మొదలైంది. స్లొవేనియా రాజధాని లుబ్లియానాకి జర్మన్ పేరది, ఆక్రమణ రోజులు గుర్తొచ్చే పేరు. 1983లో ఆ పేరు వాడకూడదని నగరం నిషేధం పెట్టింది, 1987 దాకా. అదే 1987లో వాళ్లతో కలిసున్న డిజైనర్లు యుగోస్లావియా యువజన దినం పోటీకి పోస్టర్ పంపితే ప్రభుత్వ కమిటీ మెచ్చుకోని ఎంపిక చేసింది. తర్వాత చూస్తే అది 1936 నాటి నాజీ బొమ్మ, జెండా గిండా మార్చి పెట్టారంతే! నాకు తెలిసి ఈ మొత్తం వ్యవహారంలో ఇంతకంటే బాగా పేలింది లేదు, ఎందుకంటే మోసపోయింది కమిటీ ఒక్కటే, మన పెంటయ్య కథలో యముడి మాదిరి.

మన దగ్గర స్వస్తిక్ పెడితే ఎవడికీ ఏం కాదు. నెల్లూరు ట్రంకు రోడ్డులో కొత్త బండి కొంటే పసుపుతో అదే గీసి నిమ్మకాయ తొక్కిస్తారు. హిట్లర్ అని చిరంజీవి సినిమానే ఉంది, 1997. మా స్కూల్లో హెడ్మాష్టరుకి కూడా అదే పేరు. మరి మన దగ్గర ముట్టుకుంటే కాలే మాటలు ఏవంటే కులం పేర్లు. 1994 జులై 7న ఒంగోలు దగ్గర ఈదుముడిలో మాదిగ దండోరా మొదలైంది, మంద కృష్ణ తన పేరు చివర మాదిగ అని పెట్టుకున్నాడు, ఆయన వెనకాల ఎంతోమంది. రెడ్డి, చౌదరి, శర్మ అని తోక తగిలించుకుంటే ఎవరికీ చెవి గుచ్చుకోదు గానీ ఈ తోక వింటే మొదట్లో చానామంది ఉలిక్కిపడ్డారు. ఇది వెటకారం కాదు, తిట్టుగా విసిరిన మాటని పట్టుకోని ఇది నా పేరు అనడం. ఇట్టాంటిదే అమెరికాలో ద స్లాంట్స్ అనే ఆసియా కుర్రాళ్ల బ్యాండ్ చేసింది, తమ కళ్ల మీద వేసే తిట్టునే పేరు చేసుకుంటే ట్రేడ్‌మార్క్ ఇచ్చేది లేదన్నారు, 2017లో సుప్రీంకోర్టు దాకా పోయి గెలిచారు. ఆ తిట్టు తిన్నోళ్లు కాక ఇంకెవరైనా ఆ పేరు పెట్టుకోనుంటే నేనైతే ఆ కచేరీకి పోను.

ఇదంతా మా వాడికి చెప్తే వాడికి వేరే ఐడియా వచ్చింది. "మామా, పెంటయ్య అని పెడితే? ఫ్లెక్సీ మీద కూడా వేస్తారు, మనిషి పేరే గదా" అన్నాడు. నేను బాగుందనే అన్నా. మా అవ్వ అరుగు మీద చింతపండు గింజలు తీస్తా వింటానే ఉంది. "పిండాకూడు పెట్టుకో, చట్టిబండలు పెట్టుకో, మా అన్న పేరు జోలికి మాత్రం రాబాకండి" అంది, తల ఎత్తకుండానే.